చుట్టకు సిగరెట్టు కొలబద్ద

పొగాకుకు మనిషి ఎంత లొంగినాడో కొలుచుటకు పలు దేశములలో వాడుచున్నది ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష. 1991లో సవరించిన రూపములో 6 ప్రశ్నలు, 10 మార్కులు. రోజుకు 10 సిగరెట్లు మించనిచో ఆ ప్రశ్నకు సున్న. 31కి చేరినచో 3.

ఈ కొలబద్దను మాచెర్ల, గురజాల పల్లెలకు తెచ్చిన ఏమగును? పొద్దున ఆర్పిన చుట్టనే మధ్యాహ్నము మరల వెలిగించు రైతు ఒకటని చెప్పవలెనా, రెండనియా? పైగా చుట్ట పొగకు క్షారగుణము హెచ్చు. గుండెలనిండ పీల్చకున్నను నికోటిన్ నోటి పొరలనుండియే రక్తములో చేరును. మార్కు మాత్రము సున్న!

హుక్కాకును ఇదే చిక్కు. ఒక్క బైఠకే గంటసేపు సాగవచ్చును. అందుకే లెబనాన్ పరిశోధకులు 2008లో హుక్కాకై 11 ప్రశ్నల కొలమానము వేరుగా ప్రకటించిరి. మంచి పనియే. కాని ఆదాయములో ఎంత భాగము దీనికి వెచ్చింతురను ప్రశ్న, తన చేని ఆకునే చుట్టుకొనువానికి అతకదు.

ఇక నికోటిన్ శరీరములో మారగా ఏర్పడు కొటినిన్‌ను పరీక్షింతమన్న, పచ్చి పొగాకు కోయు కూలికి చర్మము ద్వారానే నికోటిన్ ఎక్కును. అది చేరినదానిని చూపును గాని మానలేనితనమును చూపదు.

నిద్ర లేచిన ఎంతసేపటికి తొలి పొగ? పాత పరీక్షలోని ఈ ప్రశ్న చుట్టల లెక్కతో నిమిత్తము లేక పల్నాటిలోను నిలుచును.