తెలియనోడు కావాలె

ఈ వారం నన్ను సతాయించింది ఒక బొటనవేలు. ప్రాణం పెట్టి వినే పాడ్‌కాస్ట్ లింకు ఒకటి మా దోస్తుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఊరికే పెట్టలేదు, కింద నాలుగు ముక్కల సిఫారసు కూడా రాశాను. చరిత్రే గానీ కడుపు చెక్కలవుతుంది, తప్పక వినండి అని. జవాబుగా వరసబెట్టి బొటనవేళ్లు వచ్చాయి. ఒకాయన దండం పెట్టాడు. ఆ వెనకే ఎవరో గులాబీల మీద శుభోదయం పంపారు, దాంతో నా సిఫారసు కనపడకుండా పైకి పోయింది. బొటనవేలి మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. అది పెట్టినవాడు వినడు, వినేవాడు అది పెట్టడు.

పాడ్‌కాస్ట్ బీబీసీ వాళ్లది. పేరు 'యూ ఆర్ డెడ్ టు మీ'. 2019 నుంచి వస్తోంది. నడిపేది గ్రెగ్ జెన్నర్. పిల్లల కోసం తీసిన 'హారిబుల్ హిస్టరీస్' అనే టీవీ కార్యక్రమానికి చరిత్ర సలహాదారుగా పనిచేసిన మనిషి. ప్రతి భాగంలోనూ ఒక చరిత్రకారుణ్ణి, ఒక హాస్యగాణ్ణి ఎదురెదురుగా కూచోబెడతాడు. ఈయన చెబుతుంటాడు, ఆయన అడ్డం పడుతుంటాడు. ఇంత అల్లరీ అయ్యాక చరిత్రకారుడికి రెండు నిమిషాలు ఇస్తారు. ఆ రెండు నిమిషాలూ మిగతావాళ్లు నోరు మెదపరాదు. ఆ తర్వాత హాస్యగాడికి పరీక్ష, ఇంతసేపూ ఏం విన్నావో చెప్పు అని. నేను ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్ పోయే బస్సులో వింటాను. మొన్న మంగల్‌పల్లి దగ్గర పట్టుకోలేక గట్టిగా నవ్వితే, పక్క సీటులోని ఇంజనీరింగ్ పిల్లాడు తన బ్యాగు కొంచెం అటువైపు జరుపుకున్నాడు.

బొటనవేళ్లతో ఊరుకోక ఇద్దరిని నేరుగా అడిగాను. మొదటివాడు మా బియ్యం దుకాణం మిత్రుడు.

"ఎంతసేపుంటదన్నా?"

"గంట దాకా."

"గంటనా! బొమ్మ రాదా?"

"రాదు. వినుడే."

"ఇంగ్లీషేనా?"

"ఇంగ్లీషే."

"మల్ల నాకెందుకు పంపినవే?"

రెండో ఆయన రిటైరైన లెక్కల సారు. ఐదు నిమిషాలు విన్నారట. చరిత్రను ఎగతాళి చేయడం పెద్దలకు తగదన్నారు.

సారు ఆ మాట అనగానే నాకు నా పాత పాట అందుకునే అవకాశం దొరికింది. పాఠకులకు తెలుసు, ఏది చూపించినా 'ఇది మనకు ఎప్పుడో ఉంది' అనే జబ్బు నాది. బుర్రకథ చూడండి, అన్నాను. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం. పల్నాటి యుద్ధం చెప్పినా బొబ్బిలి చెప్పినా, కత్తులు దూసే సమయానికి హాస్యం వంత ఒక పిచ్చి ప్రశ్న వేస్తాడు, జనం గొల్లుమంటారు. షేక్ నాజర్ ఆ కళతోనే ఊళ్లకు ఊళ్లను తెల్లారేదాకా కూచోబెట్టాడు. 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. బీబీసీ వాళ్లు ఇప్పుడు చేస్తున్నది అదే, కాకపోతే గజ్జెలు లేవు. ఇట్లా సాగింది నా ఉపన్యాసం. సారు ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకోగానే నాకెందుకో అనుమానం మొదలైంది.

ఆదివారం పొద్దున ముగ్గురం పెద్దచెరువు కట్ట మీదికి పోయాం. లింకు పంపితే వినని మనుషులకు నోటితోనే చెబుదామనుకుని, బియ్యం దుకాణం మిత్రుణ్ణి అడిగాను, ఈ చెరువు ఎవరు కట్టించారో తెలుసా అని.

"ఊరి పేర్లనే ఉన్నది గద."

"ఎందుకు కట్టిచ్చిండు?"

"చెరువు ఎందుకు కట్టిస్తరు, నీళ్లకు."

అప్పుడు చెప్పాను, మన దగ్గర తరతరాలుగా చెప్పుకునే ముచ్చట. ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండ ఏలేటప్పుడు, 1562లో, హుస్సేన్ సాగర్ తవ్వించారు. పని చూసింది ఆయన అల్లుడు హుస్సేన్ షా వలీ. రోజూ కట్ట మీద కనబడేది ఆ అల్లుడే కాబట్టి జనం దాన్ని హుస్సేన్ సాబు చెరువన్నారు. ఖర్చు పెట్టింది రాజు, పేరు పోయింది అల్లుడికి. రాజు చెవిన పడింది. ఇంకేముంది, నా పేరుతో ఇంకొకటి కావాలన్నాడు. అదే ఇబ్రహీంపట్నం చెరువు.

"అంటే, అలిగి కట్టిండా?"

"అలిగే."

"అలిగి చెరువు కట్టుడు మంచిగనే ఉన్నది. మనోళ్లు అలిగితే పార్టీ మారుతరు."

లింకుకు కదలని మనిషి కథకు కదిలాడు. నాకు హుషారొచ్చింది. ఆ ఇబ్రహీం వెనకటి కథ కూడా అందుకున్నాను. 1543లో తండ్రి సుల్తాన్ కులీ నమాజులో ఉండగా చంపించాడు అన్న జంషీద్. ప్రాణభయంతో ఇబ్రహీం విజయనగరం పారిపోయాడు. అక్కడ అళియ రామరాయలు ఏడేళ్లు కడుపులో పెట్టుకుని చూసుకున్నాడు. 1550లో జంషీద్ పోయాక ఇబ్రహీం తిరిగొచ్చి గద్దెనెక్కాడు. మన కవులకు అడిగినంత ఇచ్చాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఈయనకే. కవుల నోట మల్కిభరాముడయ్యాడు. 1565లో మాత్రం తక్కిన సుల్తాన్లతో కలిసి రామరాయల మీదికే దండెత్తాడు. ఆ యుద్ధంలో రామరాయల తల తెగింది.

మిత్రుడు నడక ఆపేశాడు.

"ఏడేండ్లు వాళ్లింట్ల తిన్నడా?"

"తిన్నడు."

"మల్ల వాళ్ల మీదికే పోయిండా?"

"పోయిండు."

"గెలిచినంక ఆ ఇంటి ఆడోళ్లు ఎదురుపడితే, ఏం మొఖం చూపిద్దామనుకున్నడు?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన పుస్తకాల్లో కోటలున్నాయి, కప్పాలున్నాయి, ఎవరు ఎవరితో ఎప్పుడు కలిశారో ఉంది. వంటింటి గుమ్మం సంగతి లేదు. సారు కల్పించుకుని, రాజకీయాల్లో అటువంటివి చూడరన్నారు. "రాజకీయం నాకు తెల్వదా సార్, నేనడిగింది మొఖం ముచ్చట" అన్నాడు మావాడు.

నా అనుమానానికి ఆధారం అక్కడ దొరికింది. బుర్రకథలో హాస్యం వంత ఏం అడగాలో కథకుడికి ముందే తెలుసు. అసలు అది కథకుడికి కావలసిన ప్రశ్నే. జనానికి నిద్ర రాకుండా, వీరుడి మీద అభిమానం సడలకుండా అడిగే ప్రశ్న. ప్రజా నాట్యమండలి దళాలు 1940లలో బుర్రకథను పల్లెపల్లెకూ మోసినప్పుడు ప్రభుత్వాలు నిషేధించింది కూడా ఆ ఊపును చూసి భయపడే. ఎర్రజెండా సభలు చూసిన మా ప్రాంతానికి ఆ ఊపు ఏమిటో చెప్పనక్కర్లేదు. కానీ ఆ వేదిక మీద ఎవరైనా వీరుణ్ణి నిలబెట్టి ఏం మొఖం చూపిద్దామనుకున్నవు అని అడిగితే కథ అక్కడికక్కడే కూలబడుతుంది. బీబీసీ హాస్యగాడి పని అట్లా కూలగొట్టడమే. అమెరికావాళ్ల 'ది డాలప్' ఇంకో మెట్టు ఎక్కింది. అందులో డేవ్ ఆంటొనీ కథ చదువుతుంటే, ఎదుట కూచున్న గారెత్ రేనాల్డ్స్‌కు ఆ రోజు విషయం ఏమిటో కూడా ముందు చెప్పరు. తెలియనితనం నటన అయితే ఆ కార్యక్రమం ఒక్క వారం కూడా నిలవదు. బుర్రకథ మీద నా ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఇది మాత్రం వేరే సరుకు, మనకు ఎప్పుడో ఉన్న సరుకు కాదు.

అందుకే ఆ లింకును గ్రూపులో మళ్లీ గుర్తుచేయదలచుకోలేదు. మావాడు అది విని, రుచి మరిగి, ఇంకో పాతిక భాగాలు విన్నాడనుకోండి. సారు లాగా జవాబులు చెప్పడం మొదలుపెడతాడు. అప్పుడు మొఖం ముచ్చట అడిగేదెవరు? బొటనవేలు పెట్టి విననివాళ్లను ఈ లెక్కన కాపాడుకోవాలి.

దిగి చాయ్ తాగేటప్పుడు అడిగాను, మనమే తెలుగులో ఇటువంటిది ఒకటి పెడదామా అని.

"నేనేం చెయ్యాలె?"

"ఇందాక అడిగినవు గద, అట్లనే అడుగుడు."

"చదువుకొని రావాల్నా?"

"అసలే వద్దు."

మావాడు సారు వైపు చూశాడు. "మరి సారుకేం పని?"

"చివర్ల రెండు నిమిషాలు సారువి. మనం మధ్యల మాట్లాడొద్దు."

"రెండు నిమిషాలే? ఇచ్చి చూడు, ఆపుతడా!"