ప్యాకెట్ మీద చివరి వరుస

నూనె ప్యాకెట్ మీద బొమ్మ, పేరు, పొగడ్తలు అన్నీ ముందే ప్రెస్‌లో అచ్చయి వస్తాయి. సరుకు నింపేటప్పుడు పడేది ఒక్క చుక్కల వరుసే: బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ధర. లోపలున్న ఆ సరుకు గురించే మాట్లాడేది అదొక్కటే. అందుకే దాన్ని వేసే కోడింగ్ మెషీన్‌ను ప్యాకింగ్ లైనులో అన్నిటికన్నా గౌరవించాలంటాను. కాగితం సిరాను పీల్చుకుంటుంది. పాలిథీన్, గాజు, రేకు పీల్చుకోవు. పైగా లైను మీద సీసాలు ఆగవు. ఇంక్‌జెట్ కోడర్ ఈ చిక్కును విప్పే తీరు ఎంత ముచ్చటైనదో! సన్నని నాజిల్‌లోంచి సిరా ధారగా వస్తుంది. ఒక స్ఫటికం సెకనుకు వేలసార్లు కంపించి దాన్ని సమానమైన బిందువులుగా తెంపుతుంది. అక్షరానికి కావాల్సిన బిందువుకే విద్యుదావేశం అందుతుంది. వోల్టేజి పలకల మధ్య అది పక్కకు వంగి సీసాకు తగులుతుంది. మిగతావి తిన్నగా గొట్టంలో పడి మళ్లీ ట్యాంకుకు చేరతాయి. సిరాలోని ద్రావకం మిథైల్ ఇథైల్ కీటోన్ చిటికెలో ఆవిరైపోతే, రంగును రెజిన్ గాజుకు అతికిస్తుంది. సీసాను తాకకుండానే రాత పూర్తి.

థిన్నర్‌తో తుడిచి కొత్త తేదీ వేసే మోసగాళ్లున్నారు కదా అంటారు. నిజమే, కానీ ఆ వరుసకు విలువ లేకపోతే వాళ్లకు ఆ శ్రమ దేనికి? ద్రావకం గాలిలో కలుస్తుందన్న ఫిర్యాదు ఇంకా బరువైనది. లేజర్‌కు సిరా అక్కర్లేదు, గాజు మీద దాని గీత చెరగదు; అయితే మెషీన్ ఖరీదెక్కువ, పలచని ఫిల్ముకు చిల్లు పడే భయమూ ఉంది. ఏ మెషీన్ అయినా మనిషి కన్ను తప్పదు. నాజిల్‌కు ఎండిన సిరా కాస్త పట్టినా అక్షరం వంకరపోతుంది. షిఫ్టు మొదట్లో దాన్ని కడిగి, తొలి ప్యాకెట్ల మీద తేదీ సరిచూసే ఆపరేటర్ ఏమరితే తప్పుడు తేదీతో వేల ప్యాకెట్లు దుకాణాలకు వెళ్లిపోతాయి.