కంచు పలకలు చెప్పని మాటలు

అమెరికాలో మా తమ్ముడింట్లో అడుగుపెట్టిన మూడో రోజునే తండ్రీ కొడుకుల పోట్లాటలో మధ్యవర్తిగా ఇరుక్కున్నాను. ఆస్తి గొడవ కాదు, పెళ్ళి గొడవా కాదు. చచ్చిపోయిన ఒక బేస్‌బాల్ ఆటగాడి గొడవ!

"నువ్వు చెప్పత్తా," అన్నాడు మా మేనల్లుడు ఇడ్లీ పళ్ళెం పక్కకి తోసేసి. "పీట్ రోజ్ మొత్తం 4,256 హిట్లు కొట్టాడు. మేజర్ లీగుల్లో ఇంకెవరూ అన్ని కొట్టలేదు. అలాంటివాడు లేకుండా అది హాల్ ఆఫ్ ఫేమ్ ఎలా అవుతుంది?"

"పందేలు కాశాడక్కా!" అన్నాడు తమ్ముడు. "తను మేనేజరుగా ఉన్న జట్టు ఆటల మీదే కాశాడు. 1989లో బయటికి గెంటేస్తే, కాయలేదు కాయలేదని 2004 దాకా బొంకాడు. ఇప్పుడు పోయాడు కదా అని పీట వేస్తారా?"

నిజం చెప్పొద్దూ, బేస్‌బాల్ గురించి నాకు తెలిసింది బహు తక్కువ. రోకలిలాంటి గుండ్రటి కర్రతో బంతిని కొట్టి పరిగెత్తాలి. నాలుగు మూలలూ చుట్టొస్తే ఒక పరుగు. అంతే! కానీ ఆ పోట్లాట మాత్రం నాకు బాగా ఎరికైనదే. మంచి రచయితే కానీ మంచి మనిషేనా, గొప్ప గాయకుడే కానీ సన్మానం చెయ్యొచ్చా అని మనం సాహిత్య సభల్లోనూ, సభలయ్యాక కాఫీల దగ్గరా తెగ కొట్టుకుంటాం కదూ! ఆ తగువే అక్కడ టోపీ పెట్టుకుని ఎదురొచ్చింది.

అందులోనూ అది 2025 వేసవి. 2024 సెప్టెంబరు 30న రోజ్ చనిపోయాడు. మనిషి పోయాక శాశ్వత బహిష్కారానికి అర్థం లేదంటూ 2025 మే నెలలో బేస్‌బాల్ కమిషనర్ ఆయన పేరు నిషేధ జాబితాలోంచి తీసేశాడు. దాంతో ఇల్లిల్లూ కోర్టయింది.

"ఇదంతా నోటిమాటలతో తేలదు. ఆ హాలేదో చూపించండి, చూసి చెబుతాను," అన్నాను. ఆ శనివారమే నలుగురం కారెక్కాం.

న్యూజెర్సీ నుంచి నాలుగ్గంటల ప్రయాణం. న్యూయార్కు రాష్ట్రంలో, సరస్సు ఒడ్డున కూపర్స్‌టౌన్ అని చిన్న ఊరు. 1839లో అబ్నర్ డబుల్‌డే అనే ఆయన ఈ ఊళ్ళోనే బేస్‌బాల్ కనిపెట్టాడని ఒక స్థలపురాణం. ఆ సంవత్సరం ఆయన సైనిక కళాశాలలో చదువుకుంటున్నాడనీ, ఈ ఆటని ఏ ఒక్కరూ కనిపెట్టలేదనీ చరిత్రకారులు ఏనాడో తేల్చేశారు. అయినా 1939లో మ్యూజియం అక్కడే తెరిచారు. పురాణం అబద్ధమైనంత మాత్రాన గుడి మూసేస్తారా ఏమిటి!

లోపల ఒక పొడుగాటి హాలు. రెండు పక్కలా గోడలకి కంచు పలకలు, మూడువందల యాభైకి పైగా. ఒక్కో పలక మీద మొహం, పేరు, నాలుగు ముక్కలు. ఇక్కడికి రావాలంటే బేస్‌బాల్ రాసే విలేకరుల్లో నూటికి డెబ్భై అయిదు మంది ఓటెయ్యాలి, లేదా తర్వాత ఒక కమిటీ ఎన్నుకోవాలి. 1936లో మొట్టమొదటి ఓటింగులో బేబ్ రూత్ అంతటివాడికే పదకొండు మంది వెయ్యలేదట! అందరి ఓట్లూ ఒక్కటీ పోకుండా పడ్డ మొదటి మనిషి మరియానో రివేరా. అది 2019లో.

మావాళ్ళు అంకెల వెంట పడ్డారు. నేను నవలలు రాసుకునేదాన్ని, మాటల వెంట పడ్డాను. ఒక మనిషి జీవితాన్ని అరచేతి వెడల్పు కంచులో కుదించడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుస్తుంది. ఏం రాశారన్నది కాదు, ఏం వదిలేశారన్నది చూడాలి.

జాకీ రాబిన్సన్ పలకనే చూడండి. అరవై ఏళ్ళకి పైగా మేజర్ లీగులు నల్లవాళ్ళకి తలుపులు మూసేస్తే, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ జట్టు తరఫున ఆ తలుపు తోసుకుని వచ్చినవాడు. తిట్లు తిన్నాడు, చంపుతామన్న ఉత్తరాలు అందుకున్నాడు. 1962లో ఆయనకి పలక పెట్టారు. బ్యాటింగు, బేస్ దొంగిలింపులు, ఫీల్డింగు రికార్డులు అన్నీ రాశారు. ఆ మొదటి అడుగు ఆయనదేనన్న సంగతి ఒక్కటీ రాయలేదు! 2008లో ఆ పలక తీసి, ఆ మాట చేర్చి కొత్తది పెట్టారు. ఆయన భార్య రేచెల్ ఆ రోజు వచ్చి చూసింది.

మొదట నాకు ఒళ్ళు మండింది. మేనల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. తన ఆట చూసి మాత్రమే ఓటెయ్యండని రాబిన్సనే కోరుకున్నాడట. అప్పుడు ఆలోచనలో పడ్డాను. 1962లో చదివేవాళ్ళకి ఆయనెవరో తెలుసు, ఆయన పడ్డ అవస్థ కళ్ళారా చూశారు. ఆ మౌనంలో ఒక గౌరవం ఉంది, "ఇతను దయ వల్ల కాదు, ఆట వల్ల వచ్చాడు" అన్న గౌరవం. 2008 నాటికి చూసినవాళ్ళు చాలామంది పోయారు. మనవళ్ళొచ్చి చదువుతున్నారు. ఇంక మౌనంగా ఉంటే అది మరపు. ఒకే ఖాళీ, నలభై ఆరేళ్ళలో అర్థం మార్చుకుంది! విమర్శ రాసేవాళ్ళు గుర్తుంచుకోవలసిన ముక్క ఇది.

శాచెల్ పేజ్ కథ దీనికి తోబుట్టువు. నీగ్రో లీగులని అప్పట్లో పిలిచిన నల్లవాళ్ళ పోటీల్లో బంతి విసరడంలో మహా ఘనుడు. మేజర్ లీగుల్లోకి రానిచ్చేసరికి నలభై రెండేళ్ళొచ్చాయి. 1966లో టెడ్ విలియమ్స్ అనే తెల్లజాతి ఆటగాడు తన సన్మానం నాడు వేదిక మీద నిలబడి, పేజ్‌నీ, జాష్ గిబ్సన్‌నీ కూడా ఏదో ఒక రోజు ఇక్కడికి తెస్తారని ఆశిస్తున్నానన్నాడు. తన పెళ్ళిలో పక్కింటివాళ్ళ కష్టం తలుచుకున్నట్టు! తీరా 1971లో పేజ్‌ని పిలిచినప్పుడు ఏం చేశారనుకున్నారు? నల్లవాళ్ళ లీగుల వాళ్ళకి మ్యూజియంలో వేరే చోటు కేటాయిస్తామన్నారు. పిలిచి, వేరే పంక్తిలో విస్తరి వెయ్యడం! జనం ఛీ కొట్టాక గానీ అందరి మధ్యా పలక పెట్టలేదు.

జాష్ గిబ్సన్ దానికీ నోచుకోలేదు. రాబిన్సన్ మైదానంలో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, ముప్పై అయిదేళ్ళకే పోయాడు. 1972లో పలక పెట్టారు. 2024లో ఆ లీగుల లెక్కలని కూడా మేజర్ లీగుల రికార్డుల్లో కలిపితే, అంతవరకూ మొదటి స్థానంలో ఉన్న టై కాబ్‌ని దాటి గిబ్సన్ సగటు పైకొచ్చింది. కాబ్‌ది .367, ఇతనిది .372. ఆట మారలేదు, మనిషి లేవలేదు. లెక్కలోకి తీసుకున్నారు, అంతే. ఎప్పుడో ఎనభై ఏళ్ళ కిందటి వంట రుచి ఇప్పుడు ఒప్పుకున్నారన్నమాట!

ఇక తగువు సంగతికొస్తాను. ఎన్నికకి ఆట ఒక్కటే చాలదు, నిజాయితీ, శీలం కూడా చూడాలని నిబంధనల్లోనే ఉంది. రోజ్‌ని ఆపినవాళ్ళు పట్టుకు వేలాడేది ఆ మాటనే. 762 హోమ్ రన్లు కొట్టిన బారీ బాండ్స్ మందుల సాయంతో కండలు పెంచాడన్న అనుమానం మీద పదేళ్ళు ఓట్లలో నిలబడీ నెగ్గలేదు. బాగానే ఉంది. అయితే అదే గోడ మీద కెనెసా మౌంటెన్ లాండిస్ అన్నాయన ఉన్నాడు. 1919 నాటి పందేల కుట్ర కేసులో కోర్టు వదిలేసిన ఎనిమిది మందిని, షూలెస్ జో జాక్సన్‌తో సహా, 1921లో జీవితాంతం వెలివేసిన కమిషనర్. ఆయన పలక ఆయన నిజాయితీని మెచ్చుకుంటోంది. 1920 నుంచి 1944 దాకా ఆయన ఏలుబడిలో ఒక్క నల్లవాడు మేజర్ లీగు మైదానంలో కాలు పెట్టలేదన్న సంగతి అందులో లేదు. ఉత్తమ ఆటగాడి బహుమతి ఫలకం మీంచి ఆయన పేరు 2020లో తీసేశారు గానీ, ఈ పలక మాత్రం అలాగే ఉంది.

జూదగాడి శీలం చూసిన కళ్ళే, తలుపు మూసి కూర్చున్నవాడి శీలం ఎందుకు చూడలేదో!

ఇది గట్టిగానే అన్నాను. తమ్ముడు తల గోక్కున్నాడు. అప్పటిదాకా నోరు మెదపని మా మరదలు మెల్లిగా అంది: "వదినా, వీళ్ళిద్దరూ పొద్దస్తమానం పందేల గురించే కొట్టుకుంటారు. ఆ పిల్ల మాట ఎవరూ ఎత్తరు."

ఏ పిల్ల? 2017లో ఒక దావాలో దాఖలైన ప్రమాణపత్రం సంగతి చెప్పింది. 1970ల్లో, తనకి పదహారేళ్ళు నిండకముందే పీట్ రోజ్ తనతో సంబంధం పెట్టుకున్నాడని ఒక స్త్రీ అందులో చెప్పింది. ఆయన అప్పటికి ముప్పై దాటినవాడు, పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు. సంబంధం నిజమే, కానీ పదహారు నిండాయనుకున్నాను అన్నాడాయన. ఆ ఏడే ఫిలడెల్ఫియా జట్టు ఆయనకి తలపెట్టిన సన్మానం మానుకుంది. అయినా మా ఇడ్లీల దగ్గర మాత్రం ఆ మాట రాలేదు. మేనల్లుడు తెల్లబోయాడు. వాడికి అన్ని హిట్లూ నోటికొచ్చు, ఇది తెలియదు.

నాకు నవ్వు రాలేదు. ఒకసారి నేనూ ఒక నవలల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. చివరికి మిగిలిన రెండు నవలల్లో ఒకదాని రచయిత తాగుతాడని గంటసేపు చర్చించాం. ఆయన భార్య ఏళ్ళ తరబడి పుట్టింట్లోనే ఎందుకుందో అక్కడున్న అయిదుగురికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. శీలం అన్న మాటకి మనం ముందే ఒక హద్దు గీసుకుంటాం. ఆ గీతకి అవతల ఉండేది తరచూ ఒక ఆడదో, నోరులేని మనిషో. ఓటెయ్యడం కంటే ముందు ఆ గీత ఎవరు గీశారో అడగాలి.

బయటికి వచ్చే ముందు మరదలు నన్ను ఇంకో పలక దగ్గరికి తీసుకెళ్ళింది. ఇన్ని వందల మందిలో ఒకే ఒక్క స్త్రీ, ఎఫా మేన్లీ. మా తమ్ముడింటికి అట్టే దూరం లేని న్యూఆర్క్‌లో ఈగిల్స్ అనే నల్లవాళ్ళ జట్టుని భర్తతో కలిసి నడిపింది. 1946లో ఆ జట్టు నల్లవాళ్ళ ప్రపంచ పోటీ గెలిచింది. మేజర్ లీగులు తలుపు తెరిచాక, ఈ చిన్న జట్ల ఆటగాళ్ళని పైసా ఇవ్వకుండా ఎత్తుకుపోవడం మొదలెట్టారు. ఆవిడ ఊరుకోలేదు. మా ఒప్పందాలకి విలువ లేదా అని నిలదీసి, 1947లో లారీ డోబీని పంపినప్పుడు పదిహేను వేల డాలర్లు రాబట్టింది. జట్టు పోయాక కూడా, మా ఆటగాళ్ళని మరిచిపోయారేమని ఈ హాలు వాళ్ళకే ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేది. 1981లో పోయింది. 2006లో పలక వచ్చింది.

ఆ 2006లోనే నల్లవాళ్ళ లీగుల నుంచి పదిహేడు మందిని ఒక్కసారిగా ఎన్నుకున్నారు. ఆ చరిత్రని ఊరూరా తిరిగి చెప్పిన తొంభై నాలుగేళ్ళ బక్ ఓనీల్‌ని మాత్రం వదిలేశారు. ఆ ముసలాయన అలగలేదు. సన్మానం నాడు వచ్చి, అప్పటికే పోయిన ఆ పదిహేడు మంది తరఫునా నవ్వుతూ మాట్లాడి, జనం చేత చేతులు పట్టించి పాడించాడు. ఆ అక్టోబరులోనే కన్ను మూశాడు. ఆయన పలక 2022లో పెట్టారు. శీలం అన్న మాటకి నిఘంటువులో బొమ్మ వెయ్యాలంటే ఆ ముసలాయన్ని వెయ్యాలి. పదహారేళ్ళు ఆలస్యంగా చూశారు!

తిరుగు ప్రయాణంలో మేనల్లుడు వెనక సీటులోంచి ముందుకి వంగాడు. "ఇంతకీ నీ ఓటెటత్తా?"

చెప్పాను. ఈ పలకలు దేవుడి పటాలు కావు, దణ్ణాలు పెట్టుకోవడానికి. ఇవి చరిత్ర పేజీలు. కనుక రోజ్ హిట్లు రాయండి. కింద 1989 కూడా రాయండి. ఆ స్త్రీ ప్రమాణం చేసి చెప్పిన మాటా రాయండి. లాండిస్ పలకనీ దింపి, రాబిన్సన్‌ది మార్చినట్టే మార్చి పెట్టండి. మొత్తం రాయడానికి చెయ్యి ఆడకపోతే మాత్రం అసలు పెట్టకండి. సగం చెప్పిన సన్మానం కంటే ఖాళీ గోడ నయం.

"అలా అయితే నేను వెయ్యను వదినా," అంది మరదలు కిటికీలోంచి చూస్తూ. "ఆ పిల్ల ఇప్పుడు ముసలిదై ఉంటుంది. కంచులో ఆయన మొహం కింద తన కథ ఉండాలని ఆవిడ కోరుకుంటుందా?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి.

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మేనల్లుడే అడిగాడు: "అమ్మా, ఆ ఎఫా మేన్లీ గారి టీము ఆడిన గ్రౌండు న్యూఆర్క్‌లో ఎక్కడుండేది?"

వాడు ఒక ఆడమనిషిని గురించి అడగడం, గారు చేర్చి అడగడం, నేనొచ్చాక అదే మొదటిసారి.