కొలాచలం నాటకాలు: పీలా హౌస్ వైపు నుంచి

ముంబయిలో కామాఠిపురాకు ఆ పేరు తెలుగు కూలీల వల్ల వచ్చింది. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి వలసవచ్చి కట్టడపు పనులు చేసినవారిని అక్కడ కామాఠీలన్నారు. వారి చాళ్లకు దగ్గరలోనే గ్రాంట్ రోడ్డు నాటకశాలలు వెలిశాయి. 'ప్లే హౌస్' జనం నోట 'పీలా హౌస్' అయింది. అక్కడ 1853 నుంచి పార్సీలు ఆడిన నాటకాల తెరలు, పాటలు, ఆర్భాటం క్రమంగా తెలుగు రంగస్థలం మీదికీ వచ్చాయి. మన నాటక చరిత్రలు ఈ ప్రభావాన్ని చెబుతాయి గాని, ఆ నాటకశాలల పక్కన కాపురమున్న తెలుగువారిని తలవవు. కథను బళ్ళారిలో ఎత్తుకుంటాయి.

అది అకారణం కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కొలాచలం శ్రీనివాసరావు (1854-1919) సుమనోరమ సభను నెలకొల్పింది అక్కడే. ఇద్దరూ వకీళ్లు, ఇద్దరూ నాటకకర్తలు. 'ఆంధ్ర నాటక పితామహ' బిరుదు మాత్రం ఆచార్యులవారిదైంది. ఆయన ఎక్కువగా ప్రసిద్ధమైన పురాణకథలను ఎన్నుకోగా, శ్రీనివాసరావుగారు చరిత్రను పట్టుకున్నారు. మాకు ముఖ్యమనిపించేది ఈ ఎంపికే.

'రామరాజు చరిత్ర' విజయనగర పతనాన్ని చెప్పే నాటకం. 1565 యుద్ధం తర్వాత పాడుపడిన హంపి నాటి బళ్ళారి జిల్లాలోనిదే. అంటే రచయిత తన ఇంటి పక్క శిథిలాలనే రంగం మీదికి తెచ్చారు. చదవనేరని వారి తలపుల్లో కూడా ఉన్న కథ అది. కాని సంభాషణలు గ్రాంథికంలో నడిచాయి. కోర్టు పని ముగించుకొని సభకు వచ్చే విద్యావంతుడికి ఆ భాష హాయి; మేస్త్రీ కింద రాళ్లు మోసేవాడికి కాదు. ప్రపంచ నాటకరంగ చరిత్రను 1908లో ఇంగ్లీషులో గ్రంథంగా వెలువరించిన పండితుడాయన. నాటకం టిక్కెట్టు కొన్న జనం మీద బతుకుతుందన్న సంగతి ఆయనకు తెలియదనుకోలేము. తెలిసీ కథ జనానిది తీసుకొని, మాట మాత్రం సభాసదులది ఉంచారు. ఆయన నాటక జీవితంలో మేము ఎంచే పెద్ద లోపం ఇదే. (గ్రాంథికం ఆ కాలపు మర్యాద అనవచ్చు. కాని అప్పటికే 'కన్యాశుల్కం' వచ్చింది.)

ఈ లోపాన్ని దాటించినవాడు నటుడు. పఠాన్ రుస్తుం పాత్రలో బళ్ళారి రాఘవ చూపిన అభినయాన్ని తరాలపాటు చెప్పుకున్నారు. నాటకానికి రామరాజు పేరు పెట్టారు. లోకానికి గుర్తున్నది రుస్తుం. రాజుకు ఎదురు నిలిచిన పాత్రకు అంత చోటివ్వడం రచయిత ఔదార్యమే. అయినా మెప్పంతా నటుడి ఖాతాలో పడింది. ఈనాడు బళ్ళారి రంగమందిరం మీద ఉన్న పేరు రాఘవది.