మత్తులో ఉన్న ఎలుకకు చలి

తడ ఊరి ఎండల్లో పెరిగిన మాకు, చలి ప్రాణం తీస్తుందంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. ప్రయోగశాలలో ఎలుకలకు మత్తిచ్చే పనిలో దిగాకే నాకది తెలిసొచ్చింది.

చుంచెలుక పాతిక గ్రాములుంటుంది. బరువుతో పోలిస్తే దాని ఒంటి వైశాల్యం చాలా ఎక్కువ కాబట్టి వేడి తొందరగా జారిపోతుంది. మత్తులో వణకలేదు కూడా. బొచ్చు గొరిగి, స్పిరిట్ తుడిచి, ఏసీ గదిలో స్టీలు బల్లమీద పడుకోబెడితే, 37 డిగ్రీల దగ్గరుండాల్సిన ఒంటివేడి నిమిషాల్లో పడిపోతుంది. గుండె నెమ్మదిస్తుంది. మందు ఒంట్లోంచి త్వరగా పోదు, మెలకువ ఆలస్యమవుతుంది. అందుకే నేను సిరంజి ముట్టేముందే హీటింగ్ ప్యాడ్ వేస్తాను. అది మరీ వేడెక్కితే చర్మం కాలుతుంది గనుక, గుదంలో సన్నటి థర్మామీటరు తీగ పెట్టి చూస్తుంటాను.

తర్వాత చూడాల్సింది ఊపిరి. మత్తులో దాని వేగం సగానికి తగ్గడం మామూలే. అంతకన్నా తగ్గినా, నోరు తెరిచి ఎగపీల్చినా వెంటనే మందు తగ్గించాలి. చుంచెలుక గుండె నిమిషానికి కొన్ని వందలసార్లు కొట్టుకుంటుంది. మన వేలికి పెట్టే ఆక్సిమీటరు ఆ వేగాన్ని అందుకోలేదు, చిన్న జంతువులకు వేరే పరికరం కావాలి. అది లేనిచోట తెల్ల ఎలుక పాదాలు, చెవులు, తోక రంగు చూడాలి. గులాబీ రంగు పోయి నీలిఛాయ వస్తే ఆక్సిజన్ చాలనట్టే. కాలివేళ్ల మధ్య పట్టకారుతో నొక్కితే కాలు లాక్కుందంటే మత్తు ఇంకా పట్టలేదు, కోత మొదలుపెట్టకూడదు. మత్తులో కళ్లు తెరిచే ఉంటాయి, ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాయాలి.

ఆపరేషన్‌తో కూడిన ప్రయోగాల్లో, వీలైనంతవరకు, నొప్పి తెలియనంత బలమైన మత్తివ్వాలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే చెబుతోంది. ఆ చట్టం కింద వచ్చిన 1998 నిబంధనలు జంతువులపై ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉండాలన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాల జంతువుల సంరక్షణలో శిక్షణ ఇస్తూ వచ్చింది. ఇంత ఉన్నా, బల్ల దగ్గర కత్తి పట్టినవారి చూపు గాయం మీదే ఉంటుంది. ఊపిరిని, వేడిని, రంగును అయిదేసి నిమిషాలకోసారి చూసి కాగితం మీద రాసేందుకు రెండో మనిషి కావాలి. కుట్లు పడ్డాక కూడా, ఎలుక తనంతట తాను బోర్లా తిరిగి నడిచేదాకా ఆ మనిషి కదలకూడదు.

చలికి బిగుసుకున్న ఎలుక నుంచి వచ్చే లెక్కలనూ నమ్మలేం. అంటే దాని ప్రాణం ఊరికే పోయినట్టు. సిబ్బంది చాలరని ఆ రెండో మనిషిని తీసేయాల్సి వస్తే, ఆ రోజు ప్రయోగాన్నే వాయిదా వేయాలి.