సాక్షి లేని చోట నీతి: గోరా ఇల్లు, చందమామ బేతాళ కథలు

మన ఇళ్లలో పిల్లలకు చెప్పే తొలి నీతివాక్యం బహుశా ‘దేవుడు చూస్తున్నాడు’ అన్నదే. అందులో ఆజ్ఞ కంటే సాక్షి ముఖ్యం. ఎవరూ లేని చోట కూడా ఒకరున్నారన్న ఎరుకే పిల్లల చేతిని ఆపుతుందని పెద్దల విశ్వాసం. దైవభావన లేకుండా పిల్లలను పెంచదలచినవారు ఆ సాక్షిస్థానంలో దేనిని నిలిపారు? నాస్తికవాదంపై జరిగిన చర్చ, నేను చదివినంతలో, దేవుడి ఉనికి చుట్టూ తిరిగినంతగా ఈ ప్రశ్న చుట్టూ తిరగలేదు.

గోరా (1902–1975), సరస్వతి గోరా దంపతుల గృహజీవితం దీనికి ఒక సమాధానం. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ప్రారంభమై 1947లో విజయవాడ పటమటకు తరలిన నాస్తిక కేంద్రంలో వారి పిల్లలు పెరిగారు. వారి పేర్లను కూడా ఒక పాఠంగా చదవవచ్చు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారుడు లవణం. ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. ఆంధ్ర మహాభాగవతంలో సింగన రచించిన షష్ఠస్కంధాన్ని ఇక్కడ తలచుకోవాలి. అజామిళుడు కొడుకుకు పెట్టుకున్న నారాయణ నామమే చివరి ఘడియలో అతణ్ణి కాపాడుతుంది. అక్కడ బిడ్డ పేరు తండ్రికి తరణోపాయం. గోరా ఇంట్లో అది బిడ్డకు తన కాలం అప్పగించిన బాధ్యత. పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామంలో జరిగిన వివాహం ఈ దృక్పథానికి కొనసాగింపే. ఆ ప్రమాణంలో దైవనామానికి బదులు సత్యం అన్న మాట వాడడానికి గాంధీజీ సమ్మతించిన సంగతిని గోరా గ్రంథస్థం చేశారు. పెళ్లినాటికి గాంధీజీ లేరు.

గోరా దృష్టిలో నీతికి ఆధారం దాపరికం లేని జీవనం. అంటే దేవుడి స్థానంలో సమాజాన్ని సాక్షిగా నిలపడం. పదిమందీ మసలే కేంద్రంలో పెరిగే పిల్లలకు ఇది చాలవచ్చు. సమాజమే కళ్లు మూసుకున్న చోట?

అక్కడ కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) అవసరమవుతారు. హేతువాది, మార్క్సిస్టు అయిన ఆయన 1952 నుంచి మరణించేవరకు చందమామ సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు. పురాణగాథలు, దయ్యాలు నిండిన ఆ పత్రికకూ ఆయన భావాలకూ పొత్తు లేదన్న ఆక్షేపణ పాతదే. దాన్ని తోసిపుచ్చను. కాని బేతాళ కథల నిర్మాణాన్ని విడిగా చూడాలి. సంస్కృత మూలంలోని ఇరవై అయిదు కథలు అయిపోయినా ఆ శీర్షిక ఆగలేదు. కొత్త కథలను ఆ చట్రంలో బిగించారు. చట్రం నిలిచిందంటే పాఠకులకు నచ్చింది శవమూ శ్మశానమూ మాత్రమే కాదు, కథ చివరి ప్రశ్న కూడా అని నా అభిప్రాయం.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి ఏ దేవుడూ దిగిరాడు. రాజు కారణాలు చెప్పాలి. పాఠకుడైన పిల్లవాడు పేజీ చివరికి వెళ్లేలోగా తన తీర్పు తాను ఇచ్చుకోవాలి. సరిగ్గా చెప్పినందుకు రాజుకు దక్కేదేమీ లేదు. మౌనభంగం కాగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నిజం పలికితే నష్టమే, అయినా పలకాలి. వరాలిచ్చే భక్తికథల్లో ఈ లెక్క కుదరదు. తల పగులుతుందన్న బెదిరింపు కూడా అతీతశక్తి భయమే కదా అనవచ్చు. అయితే అది తప్పు సమాధానానికి కాదు, తెలిసీ పెదవి విప్పకపోవడానికి. ఇక రాజు తీర్పులు చాలాచోట్ల రాజధర్మాన్నీ కులధర్మాన్నీ దాటవన్నది నిజం. రూపం స్వేచ్ఛనిచ్చినంతగా వస్తువు ఇవ్వలేదు.

ఈ రూపాన్ని నేను పటాన్‌చెరులో పరీక్షించాను. ఇక్కడి కార్ఖానాల్లో ఆయుధపూజ తప్పదు. రాత్రివేళ రసాయన వ్యర్థాలను ట్యాంకర్లతో వాగుల్లో వదిలిన ఘటనలూ ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఆ నీళ్ల పక్కన ‘దేవుడు చూస్తున్నాడు’ అన్న మాట ఏం పని చేసిందో అడగాలనిపిస్తుంది. కార్మికుల పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పే రోజుల్లో ఒక కథ అల్లాను. యజమాని వ్యర్థాలను నక్కవాగులో వదలమన్నాడు, డ్రైవరు వదిలాడు, కాపలాదారు చూసి ఊరుకున్నాడు. ఎవరిది ఎక్కువ దోషం? తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడిలాగే ముగించాను.

పిల్లలు గోల గోలగా వాదించుకున్నారు. ఎక్కువమంది కాపలాదారుని తప్పుపట్టారు; యజమానిని పట్టినవాళ్లు ఇద్దరే. ఒక అబ్బాయి మాత్రం నోరు తెరవలేదు. వాళ్ల నాన్న ట్యాంకరు నడుపుతాడని నాకు తర్వాత తెలిసింది. విక్రమార్కుడికి మౌనం వల్ల ప్రాణహాని. ఆ అబ్బాయికి మాట్లాడితే ఇంట్లో అన్నం పోయే ప్రమాదం. సింహాసనం ఉన్నవాణ్ణి ఉద్దేశించి పుట్టిన నిబంధనను నేను మార్చకుండా అతని ముందు పెట్టాను.