మాట వినబడని చోట: లొరెంజా మాజెట్టి సినిమా, స్వతంత్రత అనే ఆదర్శం

‘ఇండిపెండెంట్ సినిమా’ అన్న మాట తెలుగులో ఇప్పుడు విరివిగా వినిపిస్తోంది. పేరున్న తారలు లేకపోతే ఇండిపెండెంట్, పెట్టుబడి తక్కువైతే ఇండిపెండెంట్, పెద్ద నిర్మాణ సంస్థ అండ లేకపోతే ఇండిపెండెంట్. ఈ కొలతలన్నీ ఆ సినిమా తీసిన మనిషి దగ్గర ఏమి లేదో చెబుతాయి; ఏమి ఉందో చెప్పవు. పెద్ద సినిమా ఊహలనే చిన్న ఖర్చుతో అనుకరించే చిత్రాన్నీ, తనదైన చూపుతో కొత్త రూపాన్ని వెతుక్కునే చిత్రాన్నీ ఒకే గాటన కట్టడం వీటివల్ల వచ్చిన చిక్కు. స్వతంత్రత అనేది ఒక ఆదర్శమైతే ఆ ఆదర్శం తెరమీద ఎక్కడ కనిపించాలి? దానికి మూల్యం ఎవరు చెల్లించాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడానికి 1950ల నాటి లండన్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు దాటీదాటని ఒక ఇటాలియన్ యువతి తీసిన సినిమా మంచి ఆధారం. ఆమె పేరు లొరెంజా మాజెట్టి. సినిమా పేరు ‘టుగెదర్’. నిడివి 52 నిమిషాలు.

మాజెట్టి 1927లో ఇటలీలో పుట్టింది. చిన్ననాడే తల్లిదండ్రులకు దూరమై, కవల సోదరి పావొలాతో కలిసి ఫ్లోరెన్స్ దగ్గర మేనత్త ఇంట పెరిగింది. ఆ మేనత్త భర్త రాబర్ట్ ఐన్‌స్టైన్, భౌతికశాస్త్రవేత్త ఆల్బర్ట్ ఐన్‌స్టైన్‌కు దాయాది. 1944 ఆగస్టు 3న జర్మన్ సైనికులు ఆ ఇంటిమీద పడి మేనత్తనూ, ఆమె ఇద్దరు కూతుళ్ళనూ చంపేశారు. కవలలిద్దరినీ వదిలేశారు. ఆ సమయానికి ఇంటలేని రాబర్ట్, మరుసటి ఏడాది ఆత్మహత్య చేసుకున్నాడు. ఇది జరిగిన కొన్నేళ్ళకు మాజెట్టి ఇంగ్లండ్ చేరింది. చిన్నాచితకా కూలిపనులు చేసింది. తరువాత లండన్‌లోని స్లేడ్ చిత్రకళా పాఠశాలకు వెళ్ళి, ప్రిన్సిపాల్‌ను చూడాలని పట్టుబట్టి, తాను జీనియస్‌ని కాబట్టి చేర్చుకోవాలని అడిగిందట. అప్పటి ప్రిన్సిపాల్, చిత్రకారుడు విలియం కోల్డ్‌స్ట్రీమ్ నిజంగానే చేర్చుకున్నాడు.

స్లేడ్‌లో ఒక అలమరలో సినిమా పరికరాలు ఉన్నాయి. ఎవరినీ అడగకుండా వాటిని తీసుకుని, కాఫ్కా రాసిన ‘మెటమార్ఫసిస్’ కథ ఆధారంగా ‘కె’ అనే లఘుచిత్రం తీసింది. ల్యాబ్ ఖర్చును పాఠశాల పద్దులో వేయించింది. బిల్లు వచ్చాక సంగతి బయటపడింది. కోల్డ్‌స్ట్రీమ్ ఆమెను వెళ్ళగొట్టలేదు. సినిమాను విద్యార్థుల ముందు ప్రదర్శింపజేశాడు. ఆ ప్రదర్శనకు వచ్చినవారిలో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి డెనిస్ ఫోర్మన్ ఉన్నాడు. మరో సినిమా తీయడానికి సంస్థ ప్రయోగాత్మక చిత్రనిధి నుంచి డబ్బు ఇప్పిస్తానన్నాడు. ఈ ఉదంతాన్ని సాధారణంగా ఒక సాహసగాథగా చెప్పుకుంటారు. మాజెట్టి కూడా తన జ్ఞాపకాల్లో సరదాగానే చెప్పుకుంది. కానీ ఇందులో గమనించవలసింది ఆమె తెగువ ఒక్కటే కాదు. తెగువను గుర్తుపట్టగల మనిషి ఒకరు పాఠశాలలో ఉన్నారు. గుర్తించాక దానికి డబ్బు ఇవ్వగల ప్రజాసంస్థ ఒకటి ఆ ఊళ్ళో ఉంది. ఈ రెండూ లేకపోతే ఆ కథ క్రమశిక్షణ చర్యతో ముగిసిపోయేది.

ఆ నిధితో తీసిన సినిమాయే ‘టుగెదర్’. డెనిస్ హార్న్‌తో కలిసి రూపొందించిన కథ చాలా చిన్నది. లండన్ ఈస్ట్‌ఎండ్ రేవులో పనిచేసే ఇద్దరు బధిరులు ఒకే గదిలో అద్దెకుంటారు. పనికి వెళతారు, తిరిగి వస్తారు, మార్కెట్లో నడుస్తారు, పబ్బులో కూర్చుంటారు. యుద్ధంలో బాంబులు పడి మొండిగోడలు మిగిలిన వీధుల్లో పిల్లల గుంపు వారిని వెక్కిరిస్తూ వెంటపడుతుంది. చివరికి పిల్లలు ఆటగా ఒకణ్ణి నదిలోకి తోసేస్తారు. అతడు అరవలేడు, అరిచినా రెండోవాడికి వినబడదు. అతడు మునిగిపోయిన సంగతి స్నేహితుడికి తెలియనే తెలియదు.

ఈ కథను కరుణరసంతో ముంచెత్తడం ఎంత సులువో తెలుగు ప్రేక్షకులకు వేరే చెప్పనక్కరలేదు. మూగపాత్ర అనగానే మన తెరమీద త్యాగమో, అన్యాయమో, పతాక సన్నివేశంలో మాట తిరిగి రావడమో సిద్ధంగా ఉంటుంది. మాజెట్టి ఆ దారిన వెళ్ళలేదు. ఇద్దరికీ గతం చెప్పలేదు, జబ్బు పేరు పెట్టలేదు, ఎవరిచేతా వారిమీద జాలి మాటలు పలికించలేదు. వైద్యుడిగా నన్ను మొదట ఆకట్టుకున్నది ఇదే: ఈ సినిమా వారిని రోగులుగా చూడదు. లోపమంటూ ఉంటే అది వారి చెవుల్లో లేదు; వారి చుట్టూ తిరిగే లోకంలో ఉంది. భోజనాల బల్ల దగ్గర తక్కినవారందరూ మాట్లాడుకుంటున్నప్పుడు కెమెరా ఈ ఇద్దరి ముఖాలను చూపిస్తుంది. బజారు రణగొణధ్వని ఒక క్షణం మనకు వినిపిస్తుంది, మరుక్షణం ఆగిపోతుంది. అంతవరకూ మనం వారిని చూస్తున్నాం. ధ్వని ఆగిన క్షణం నుంచి వారున్న చోటినుంచి లోకాన్ని చూడడం మొదలుపెడతాం. దర్శకురాలి ఆదర్శం ఉపన్యాసంలో కాకుండా ధ్వనిపట్టీలో ఉండడమంటే ఇదీ.

ఆ ఇద్దరు నటులూ వృత్తినటులు కారు. ఒకరు చిత్రకారుడు మైకేల్ ఆండ్రూస్. ‘కె’లోనూ ఆయనే ప్రధానపాత్ర. రెండోవాడు శిల్పి ఎడువార్డో పావొలోట్సీ. స్కాట్లండ్‌లో స్థిరపడిన ఇటాలియన్ కుటుంబంలో పుట్టినవాడు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం అతణ్ణి నిర్బంధించింది. అతని తండ్రి, తాత, మేనమామ ‘అరండోరా స్టార్’ ఓడ మునకలో చనిపోయారు. పుట్టిపెరిగిన వీధిలో ఒక్కరోజులో శత్రువైపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి, వీధి తనను చూసే చూపును మాటలేకుండా మోసే పాత్ర వేశాడు. అయినా దర్శకురాలి గతాన్నీ, నటుడి గతాన్నీ ఈ సినిమాకు తాళంచెవులుగా వాడడం పొరపాటు. 1944 గురించి ఇందులో ఒక్క సూచన కూడా లేదు. ప్రేక్షకుడికి అందేది ఒకటే: ప్రాణం తీసే పని ఇక్కడ క్రూరులు చేయరు, ఆడుకుంటున్న పిల్లలు చేస్తారు, చంపినట్టు వారికి తెలియదు కూడా. చెడును రాక్షసరూపంలో చూపించి మనల్ని ఊరడించే పని మాజెట్టి పెట్టుకోలేదు.

ఈ సినిమాకు పరిమితులు లేకపోలేదు. వినికిడి ఉన్న నటులు బధిరుల పాత్రలు వేయడం నేటి దృష్టికి ఇబ్బందికరం. అంతకంటే పెద్ద అభ్యంతరం, బధిరత్వాన్ని ఒంటరితనానికి ప్రతీకగా వాడుకోవడం. బ్రిటన్‌లో బధిరులది సొంత భాష, సొంత సమాజం ఉన్న జీవితం. 2022లో వచ్చిన చట్టం బ్రిటిష్ సంజ్ఞాభాషను ఒక భాషగా గుర్తించింది. ఆ సమాజం జాడ ‘టుగెదర్’లో లేదు, ఇద్దరూ లోకంలో తామిద్దరే అన్నట్టు ఉంటారు. దర్శకురాలు తన ఒంటరితనాన్ని వారికి అరువిచ్చిందని విమర్శించవచ్చు. ఆ విమర్శ న్యాయమే. కానీ ఆ అరువుకు బదులుగా ఆమె తన నుంచి తీసేసుకున్నది కూడా చూడాలి: వ్యాఖ్యానం, సంభాషణ, ఓదార్పు. ప్రేక్షకుణ్ణి తనవైపు తిప్పుకోవడానికి దర్శకులకు ఉండే మూడు ముఖ్యమైన సాధనాలు అవే.

సినిమాకు తుదిరూపం ఇవ్వడంలో ఆమెకు లిండ్సే ఆండర్సన్ తోడయ్యాడు. కూర్పును ఆయనే పర్యవేక్షించాడు. 1956 ఫిబ్రవరిలో లండన్ నేషనల్ ఫిల్మ్ థియేటర్‌లో మూడు చిత్రాలు ‘ఫ్రీ సినిమా’ పేరుతో కలిపి ప్రదర్శించారు: ఆండర్సన్ ‘ఓ డ్రీమ్‌ల్యాండ్’, కారెల్ రైజ్, టోనీ రిచర్డ్‌సన్ కలిసి తీసిన ‘మామా డోంట్ అలవ్’, మాజెట్టి ‘టుగెదర్’. ప్రదర్శనకు జతగా ఒక చిన్న ప్రకటన వెలువరించారు. ఏ సినిమా అయినా ఎంత వ్యక్తిగతమైనా ఫరవాలేదని, పరిపూర్ణత తమ లక్ష్యం కాదని, దృక్పథమే శైలి అని, శైలే దృక్పథమని దాని సారాంశం. అదే ఏడాది కాన్ ఉత్సవంలో ‘టుగెదర్’కు ప్రశంస దక్కింది. 1959 వరకూ అదే పేరుతో మొత్తం ఆరు ప్రదర్శనలు జరిగాయి.

బ్రిటిష్ దైనందిన జీవితాన్ని తెరకెక్కించిన ఉద్యమంగా ఫ్రీ సినిమాకు పేరు. కానీ ఆ జీవితాన్ని చూసిన కళ్ళు ఎక్కడివి? ఆండర్సన్ పుట్టింది బెంగుళూరులో. రైజ్ చెకోస్లొవాకియా నుంచి పన్నెండేళ్ళ వయసులో నికొలస్ వింటన్ కాపాడి తెచ్చిన యూదు పిల్లల్లో ఒకడు. ఈ చిత్రాల్లో ఎక్కువవాటికి కెమెరా పట్టిన వాల్టర్ లాసలీ బెర్లిన్ నుంచి వచ్చిన కాందిశీకుడు. మాజెట్టి సంగతి చూశాం. ఇంటివారికి అలవాటై కనబడకుండాపోయిన వీధిని బయటినుంచి వచ్చినవారు చూడగలిగారు. మన దగ్గరా ఇలాంటి ఉదాహరణ ఉంది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని తెరకెక్కించిన ‘మా భూమి’ దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. అది ఆయన తొలి కథాచిత్రం. పరదేశంలో బతుకుతున్న తెలుగువారు కళను ఊరిమీద బెంగగా మాత్రమే ఊహించుకోవడం అలవాటైంది. మనం ఉంటున్న బర్మింగ్‌హామ్‌నో, లెస్టర్‌నో చూసే చూపు కూడా మన దగ్గర ఉండవచ్చునన్నది మాజెట్టి నుంచి నేర్చుకోదగ్గ పాఠం.

ప్రకటనలోని ‘పరిపూర్ణత లక్ష్యం కాదు’ అన్న మాట తరువాతి కాలంలో చాలామందికి సాకుగా మారింది. వెలుతురు సరిగా పడకపోయినా, నటన కుదరకపోయినా స్వతంత్ర సినిమా అనేస్తే చెల్లిపోతుందనే ధీమా దానినుంచే వచ్చింది. ‘టుగెదర్’ను ఆ సాకుకు సాక్ష్యంగా తేలేం. అందులోని కరుకుదనం అజాగ్రత్తవల్ల రాలేదు. ఏది అక్కరలేదో కచ్చితంగా తెలిసినందువల్ల వచ్చింది. తెలుగులో ఇలాంటి కచ్చితత్వానికి దగ్గరగా వచ్చిన చిత్రం బి. నర్సింగరావు ‘దాసి’ (1988). 1920ల నాటి గడీలో కమలాక్షి అనే దాసి బతుకు అది. నర్సింగరావు చిత్రకారుడు, కళాదర్శకత్వం చేసిన తోట వైకుంఠం చిత్రకారుడు. మాజెట్టి చుట్టూ స్లేడ్ చిత్రకారులున్నట్టే ఇక్కడా రంగూ గీతా తెలిసినవారే సినిమాను మోశారు. అర్చన పోషించిన కమలాక్షి మాట్లాడేది బహుకొద్ది. గడీ గోడలు, మెట్లు, నీళ్ళ బిందెలు, ఎదురుచూపు — అధికారమంటే ఏమిటో ఇవే చెబుతాయి. దొర విలనీని సంభాషణల్లో నిరూపించే పని పెట్టుకోలేదు కనుకనే ఆ గడీ మనల్ని ఇంతకాలం వదలలేదు. ఆ ఏడాది అయిదు జాతీయ పురస్కారాలు దానికి వచ్చాయి.

ఇక మూల్యం సంగతి. ‘టుగెదర్’ తరువాత మాజెట్టి ఇటలీకి తిరిగివెళ్ళింది. అణచుకున్న దుఃఖం అక్కడ పైకి వచ్చి చాలాకాలం కుంగిపోయింది. 1961లో తన బాల్యాన్ని ‘ఇల్ చేలో కాదె’ అనే నవలగా రాసి పేరు తెచ్చుకుంది. ఒకటి రెండు సామూహిక చిత్రాల్లో పాలుపంచుకున్నా ‘టుగెదర్’ స్థాయి కథాచిత్రం మళ్ళీ తీయలేదు. 2020లో రోమ్‌లో మరణించింది. ఫ్రీ సినిమా మిత్రుల్లో ఆండర్సన్, రైజ్, రిచర్డ్‌సన్ ముగ్గురూ 1960లలో పెద్ద దర్శకులయ్యారు. ఒక్కతే అయిన ఆడమనిషి, పరాయిదేశస్థురాలు చరిత్రలో చాలాకాలం ఒక అడుగుగమనికగా మిగిలింది. ఇందులో ఆమె మానసికస్థితి పాలెంతో, అవకాశాల పాలెంతో విడదీసి చెప్పడం తేలిక కాదు. కానీ ఒకటి స్పష్టం. మొదటి సినిమాను తెగువతో తీయవచ్చు. అలమరలోని కెమెరా దానికి చాలు. రెండో సినిమాకు మాత్రం తెగువ సరిపోదు, ఎవరో ఒకరు నిలబడి ఎదురుచూడాలి.

ఇక్కడే ప్రవాస తెలుగువారి ప్రస్తావన వస్తుంది. 2018లో వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే నటించారు. నిర్మాత పరుచూరి ప్రవీణ, అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు. తెలుగులో ప్రజాధనంతో ప్రయోగాలను పోషించే నిధి అంటూ చెప్పుకోదగ్గది లేనప్పుడు ఆ ఖాళీని ఇలాంటి వ్యక్తులు కొంత పూరించగలరు. కానీ వ్యక్తుల ఔదార్యం సాధారణంగా మొదటి సినిమా దగ్గర ఆగిపోతుంది. అది ఆడితే దర్శకుణ్ణి పెద్ద సంస్థలు పిలుస్తాయి. ఆడకపోతే ఎవరూ పిలవరు. రెండు దారుల్లోనూ ఆ చూపు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఇక్కడి మన సంఘాలు ఏటేటా ఉత్సవాలకు తారలను రప్పించడానికి పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి, ఒకే యువ దర్శకుడికో దర్శకురాలికో మొదటిదీ రెండోదీ మూడోదీ అయిన మూడు చిన్నచిత్రాలకు హామీ ఇస్తే, ఫలితం ఎలా ఉన్నా అడగకుండా ఇస్తే, అది సినిమాకు నిజమైన సేవ అవుతుంది.

అలా ఇచ్చేముందు ఎవరికివ్వాలన్న ప్రశ్న వస్తుంది. ఆదర్శాల గురించి అభ్యర్థి ఎంత బాగా మాట్లాడుతున్నాడన్నది నా ఉద్దేశంలో కొలత కాదు. తన సినిమాలో దేన్ని వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నాడని అడగాలి. మాజెట్టి మాటను వదులుకుంది, నర్సింగరావు వాదనను వదులుకున్నాడు. వదులుకున్నదాని స్థానంలో ఇద్దరూ నిలిపినది తెరమీద నేటికీ కనిపిస్తూనే ఉంది. ‘టుగెదర్’ను బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2006లో తక్కిన ఫ్రీ సినిమా చిత్రాలతో కలిపి డీవీడీగా తెచ్చింది. గంట కూడా పట్టని ఆ సినిమాను ఒక సాయంత్రం మన సంఘాల్లో ప్రదర్శించి, ధ్వని ఆగిపోయే ఆ చోట్ల మన యువదర్శకులు ఏమి విన్నారో అడిగి చూడవచ్చు.